కడుపులోని మంటయు, దానిని చల్లార్చు మందులును

మానవశరీరమున జరుగు వింతలలో అన్నము జీర్ణమగుట యొకటి. మనము తిన్న జొన్నరొట్టెయు, వరియన్నమును, పప్పును, మాంసమును గూడ కొన్ని గంటలలో ద్రవరూపమును బొంది, రక్తములో గలిసి, బలముగా మాఱుచున్నవి. ఈ పనికి తోడ్పడు వస్తువులలో ముఖ్యమైనది మన కడుపులోనే పుట్టు ఒక తీవ్రమైన ఆమ్లము. తనచోట నున్నంతవఱకు అది మేలు చేయును. చోటు తప్పినప్పుడు అదియే కీడు చేయును. రొమ్మునడుమ మంట, గొంతులోనికి పులినీరు ఎగదన్నుట, పైకడుపున నొప్పి, కడపట పుండు, రక్తస్రావము ఇవి యన్నియు దానివలని బాధలే. వీనిని తగ్గించు మందులు నేడు ప్రతి మందుల దుకాణమునను దొరకుచున్నవి. ఆ మందులెట్లు పుట్టినవో, ఎట్లు పనిచేయునో, వానిని ఎవరు, ఎప్పుడు, ఎట్లు పుచ్చుకొనవలెనో విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలియజేయుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ విషయము మన శంషాబాదు ప్రాంతమువారికి రెండు విధముల దగ్గఱిది. 2008వ సంవత్సరము మార్చి నెలలో ఇచట విమానాశ్రయము పనిచేయనారంభించినది మొదలు ఈ ఊరికి రాత్రియు పగలు నొక్కటియే అయినది. కారు నడుపువారు, మూటలు మోయువారు, కావలివారు, వంటవారు, ఊడ్చి శుభ్రముచేయువారు వంతులవారీగ రేయింబవళ్లు పనిచేయుచున్నారు. నడిరేయి దాటినపిదప దొరికినది తిని, తిన్నవెంటనే నడుము వాల్చుట వారిలో పెక్కుమందికి తప్పనిసరి. అట్టివారికి రొమ్ములో మంట పుట్టినచో వైద్యునియొద్దకు బోవుటకు తీరికలేక, దుకాణమునకు బోయి "ఒక గ్యాసు మాత్ర ఇయ్యండి" అని యడుగుదురు. ఇది యొక సంబంధము. రెండవది, ఆ మాత్రలలోని మందును తయారుచేయుటలో లోకప్రసిద్ధికెక్కిన నగరము హైదరాబాదు. ఇచట తయారైన ఔషధములు ఈ విమానాశ్రయమునుండియే దూరదేశములకు ఎగిరిపోవుచున్నవి. మన ముంగిట పుట్టిన వస్తువునుగూర్చి మనమే తెలియకయుండుట తగదు గదా!

ఆమ్లము ఎందులకు?

కడుపులో ఆమ్లమున్నదని 1824వ సంవత్సరమున ఆంగ్లదేశపు వైద్యుడగు విలియం ప్రౌట్ నిరూపించెను. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లము. రసాయనశాలలో సీసాలయందు మనము చూచునట్టి ఆమ్లమే మన అన్నకోశములోను పుట్టుచున్నదన్న మాట విని ఆ కాలపు పండితులు ఆశ్చర్యపడిరి.

అన్నకోశము పనిచేయు తీరును కన్నులార జూచిన వైద్యుడు అమెరికా దేశస్థుడగు విలియం బోమంట్. 1822వ సంవత్సరము జూను నెలలో అలెక్సిస్ సెంట్ మార్టిన్ అను యువకునికి దగ్గఱనుండి తుపాకి దెబ్బ తగిలెను. బోమంట్ అతనికి చికిత్సచేసి ప్రాణము కాపాడెను గాని, కడుపుమీది గాయము పూర్తిగ మూసికొనలేదు. ప్రక్కన నొక రంధ్రము నిలిచిపోయెను. దాని గుండా లోపలి అన్నకోశము కనబడుచుండెను. బోమంట్ మాంసపు ముక్కలను, రొట్టెముక్కలను పట్టుదారమునకు గట్టి ఆ రంధ్రముగుండ లోనికి దింపి, గంటగంటకు వెలికిదీసి, ఏది యెంత కరగినదో వ్రాసికొనెను. కడుపులోని రసమును గాజుపాత్రలోనికి దీసి, వెచ్చగా నుంచి, అందులో మాంసము వేయగా అదియు కరగెను. అన్నము జీర్ణమగుట ప్రధానముగ రసాయనిక కార్యమని దీనివలన తేలినది. ఈ ప్రయోగములను ఆయన 1833లో గ్రంథరూపమున ప్రకటించెను.

ఆరోగ్యవంతుని అన్నకోశములో దినమునకు సుమారు ఒకటిన్నర మొదలు రెండు లీటర్ల రసము ఊరును. రక్తములో నున్నదానికంటె పదిలక్షల రెట్లకు మించిన గాఢతతో అందులో ఆమ్లపు అణువులుండును. ఈ ఆమ్లము మూడు పనులు చేయును. ఆహారముతో లోనికి వచ్చిన క్రిములలో పెక్కింటిని చంపును. మాంసకృత్తులను ముక్కలుచేయు పెప్సిను అను పదార్థమును మేల్కొలుపును. ఇనుము, కాల్షియము మొదలగు ధాతువులు, బీ12 అను విటమిను ఒంటికి బట్టుటకు సాయపడును. కాబట్టి ఆమ్లము శత్రువు కాదు. దానిని బొత్తిగ లేకుండజేయుట వైద్యుల యుద్దేశమును గాదు.

అయితే ఇంతటి ఆమ్లము అన్నకోశమునే యేల కరగింపదు? దాని లోపలిగోడమీద జిగురుపొర యొకటి పరచియుండును. ఆ జిగురులో ఆమ్లమును విఱుచు క్షారము ఊరుచుండును. పైగా ఆ గోడలోని కణములు కొన్నిదినముల కొకసారి రాలిపోయి, వాని స్థానమున క్రొత్తవి పుట్టుచుండును. కాని నోటినుండి అన్నకోశమునకు అన్నమును గొనిపోవు అన్నవాహికకు ఇట్టి కవచము లేదు. ఆ రెంటి సంధియందు బిగువైన కండరపు కట్టు గలదు. ఆహారము దిగునపుడు అది తెఱచుకొని, మరల మూసికొనవలెను. ఆ కట్టు సడలినచో ఆమ్లము పైకెగసి అన్నవాహికను కాల్చును. దీనినే మనవారు గుండెమంట యనియు, పులిత్రేనుపు లనియు జెప్పుదురు. పేరు గుండెమంటయే గాని దీనికిని గుండెకును సంబంధము లేదు.

పుండునకు కారణమేమి?

అన్నకోశపు గోడలోగాని, దాని వెంబడినుండు చిన్నప్రేగు మొదటిభాగమగు ఆంత్రమూలములోగాని కవచము చెడి ఆమ్లము లోనికి తినివేసినచో పుండు పడును. ఇట్టి పుండ్లు పూర్వము దక్షిణ హిందూదేశమున మెండుగ నుండెడివి. మైసూరు పట్టణమందలి హోల్డ్స్‌వర్తు మిషను ఆసుపత్రిలో పనిచేసిన శస్త్రవైద్యుడు ఫ్రాంక్ టోవీ ఈ సంగతిని గమనించి, మనదేశములో ఏయే ప్రాంతముల ఈ వ్యాధి హెచ్చో, ఏయే ప్రాంతముల తక్కువో విచారించెను. ముఖ్యముగ వరియన్నము తిను దక్షిణమున హెచ్చుగను, గోధుమరొట్టె తిను పంజాబు ప్రాంతమున తక్కువగను ఈ పుండ్లు కనబడుచున్నవని ఆయన పరిశోధనలలో తేలినది.

పూర్వము ఈ వ్యాధికి చింతయు, కారమును, కోపమును కారణములని చెప్పెడివారు. చికిత్సయు దాని కనుగుణముగనే యుండెడిది. 1915 ప్రాంతమున షికాగో నగరపు వైద్యుడగు బెర్‌ట్రం సిప్పీ గంటగంటకు పాలును మీగడయు త్రాగించి, నడుమనడుమ సోడా మొదలగు క్షారముల నిచ్చు పద్ధతిని ప్రచారములోనికి దెచ్చెను. అనేక దశాబ్దములు రోగులు మంచముపట్టి పాలే యాహారముగ బ్రతికిరి. దీనికిని లొంగనివారికి అన్నకోశములో కొంతభాగమును కోసి తీసివేయుటో, ఆమ్లమును పుట్టించు నరములను తెగకోయుటో జరుగుచుండెను.

ఈ యభిప్రాయములను తలక్రిందులు చేసినవారు ఆస్ట్రేలియా దేశమందలి పెర్త్ నగరవాసులు ఇద్దఱు, రాబిన్ వారెన్, బారీ మార్షల్. అంతటి ఆమ్లములో ఏ క్రిమియు బ్రతుకజాలదని అందఱును నమ్మియున్న దినములలో, రోగుల అన్నకోశములో మెలితిరిగిన యొక సూక్ష్మజీవిని వారెన్ సూక్ష్మదర్శినితో జూచెను. 1982లో వారిరువురును దానిని ప్రయోగశాలలో పెంచగలిగిరి. లోకము నమ్మకపోగా, 1984లో మార్షల్ ఆ క్రిములు కలిపిన ద్రవమును తానే త్రాగెను. కొన్నిదినములకే ఆయనకు వాంతులు, కడుపువాపు కలిగెను. పరీక్షింపగా ఆ క్రిములే కనబడెను. ఆ క్రిమికే నేడు హెలికోబాక్టర్ పైలోరి యని పేరు. ఈ యావిష్కరణమునకు 2005వ సంవత్సరమున వారిద్దఱికిని నోబెల్ బహుమానము లభించెను. ఈ క్రిమి దీర్ఘకాలము నిలిచినచో అన్నకోశమున క్యాన్సరుకు కారణము గాగలదని ప్రపంచారోగ్యసంస్థకు జెందిన క్యాన్సరు పరిశోధనసంఘము 1994లోనే ప్రకటించెను.

మనదేశమున ఈ క్రిమి మిక్కిలి వ్యాపించియున్నది. సాధారణముగ బాల్యములోనే, ఇంటిలోని యొకరినుండి మఱియొకరికి సోకును. సోకిన ప్రతివానికిని పుండు పడదు. పడినవారికి మాత్రము ఆమ్లమును తగ్గించు మందుతోపాటు రెండు విధముల క్రిమిసంహారక మందులను కలిపి, సాధారణముగ 14 దినములు, వైద్యుడు చెప్పినట్లు తప్పక పుచ్చుకొన్నచో పెక్కుమందికి క్రిమి నశించి, పుండు మానును. పూర్వము కత్తికి లొంగవలసిన వ్యాధి నేడు రెండువారముల మాత్రలకు లొంగుచున్నదన్నమాట.

పుండునకు రెండవ ముఖ్యకారణము నొప్పి మాత్రలు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి అన్నకోశపు జిగురుపొరను పుట్టించు శక్తిని తగ్గించును. నడుమునొప్పికిని, మోకాళ్లనొప్పికిని వీనిని దినదినమును మ్రింగు వృద్ధులకును, కూలిపనివారికిని నొప్పి తెలియకుండగనే పుండు పడి, ఒకనాడు హఠాత్తుగ రక్తము పోవచ్చును. ఇక మిరపకాయ మాట. మన పచ్చళ్లలోని కారము పుండును పుట్టించునని చూపు ఆధారము లేదు. మంట ఉన్నవారిలో కొందఱికి అది బాధను హెచ్చించుట మాత్రము నిజము.

మందుల పుట్టుక

వీనిని మూడు తరములుగ విభజింపవచ్చును. ఒక యుపమానము చెప్పెదను. పొలములో బోరుబావినుండి మోటారు నీటిని తోడుచున్నది, మడి పొంగిపోవుచున్నది. ఒకడు చెంబుతో నీటిని ఎత్తి బయటపోయును. వేఱొకడు మోటారునకు బోవు విద్యుత్తీగలలో నొకదానిని తీసివేయును. మఱియొకడు మోటారునకే తాళము వేయును. కడుపులోని ఆమ్లమునకు వాడు మందులును ఇట్లే మూడు తెఱగులు.

మొదటివి క్షారములు. వంటసోడా, మెగ్నీషియా, అల్యూమినియపు లవణములు ఈ జాతివి. ఇవి అప్పటికే ఊరిన ఆమ్లమును విఱిచివేయును. బాధ వెంటనే తగ్గును గాని, గంటకో రెండుగంటలకో మరల మొదలగును. చెంబుతో నీరెత్తుట వంటిది ఇదియే.

రెండవ తరము మందునకు మూలపురుషుడు స్కాట్లండు దేశపు శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్. హిస్టమీన్ అను పదార్థము అన్నకోశపు కణములకు "ఆమ్లమును పుట్టింపుము" అని కబురు చేర్చునని అప్పటికే తెలియును. ఆ కబురు చేరు ద్వారమును మూసినచో నేమగునని బ్లాక్ తలచెను. 1964 మొదలుకొని ఆయనయు, ఆయన తోడివారును వందలకొలది పదార్థములను పరీక్షించి, కడకు సిమెటిడీన్ అను మందును సాధించిరి. అది 1976లో బ్రిటనులో అమ్మకమునకు వచ్చెను. బ్లాక్ మహాశయునకు 1988లో నోబెల్ బహుమానము లభించినది. తరువాత 1981లో రానిటిడీన్ వచ్చి మఱింత ప్రసిద్ధిచెందెను. అయితే రానిటిడీన్ నిలవయున్నకొలది హానికరమగు పదార్థమొకటి అందులో పుట్టవచ్చునని తేలినందున, 2020 ఏప్రిలులో అమెరికా ప్రభుత్వపు ఔషధశాఖ దానిని అంగళ్లనుండి తొలగింపుమని కోరెను. నాలుగు దశాబ్దములు వాడిన మందునుగూడ శాస్త్రము మరల పరీక్షించుచునే యుండునని దీనివలన గ్రహింపవలెను.

మూడవ తరము మందు స్వీడన్ దేశమున పుట్టినది. కణములోని ఆమ్లపు అణువులను పట్టి అన్నకోశములోనికి నెట్టు సూక్ష్మయంత్రమొకటి గలదని 1970ల దశకమున శాస్త్రజ్ఞులు కనిపెట్టిరి. అది లోనికొక పొటాషియపు అణువును దీసికొని, వెలికొక హైడ్రోజను అణువును పంపును. ఇంగ్లీషువారు దీనిని ప్రోటాన్ పంపు అందురు. స్వీడన్ దేశపు ఆస్ట్రా సంస్థకు జెందిన శాస్త్రజ్ఞులు 1979లో ఓమెప్రజోల్ అను పదార్థమును తయారుచేసిరి. అది యా యంత్రమునకే తాళము వేయును. 1988లో అది అమ్మకమునకు వచ్చినది. పిమ్మట పాంటోప్రజోల్, రాబెప్రజోల్, ఈసోమెప్రజోల్ మొదలగు తోబుట్టువులు దానిని వెంబడించినవి.

హైదరాబాదు పాత్ర

విదేశమున పుట్టిన యీ మందు మన పేదవాని చేతికి చవుకగా ఎట్లు వచ్చెను? అందులకు ముఖ్యకారణము 1970వ సంవత్సరపు పేటెంటు చట్టము. 1972లో అమలునకు వచ్చిన ఆ చట్టము ప్రకారము మందునకు గాక, దానిని తయారుచేయు విధానమునకు మాత్రమే మనదేశమున హక్కు లభించెడిది. వేఱొక విధానమున అదే మందును తయారుచేయుటకు మన రసాయనశాస్త్రజ్ఞులకు దారి దొరకెను. 2005లో చట్టము మరల మాఱువఱకు ఈ స్థితి సాగెను.

ఆ శాస్త్రజ్ఞులకు పాఠశాల యనదగినది హైదరాబాదు నగరమున బాలానగరులోని ఐ.డి.పి.ఎల్. కర్మాగారము. సోవియట్ రష్యా సాయముతో 1960ల దశకమున ప్రభుత్వము స్థాపించిన ఆ కర్మాగారములో పనినేర్చిన పలువురు పిమ్మట స్వంతముగ పరిశ్రమలు పెట్టుకొనిరి. ఆ మూలకర్మాగారము తరువాత మూతబడినను, దాని విత్తనములు నగరము చుట్టును మొలిచినవి. వారిలో డాక్టరు కల్లం అంజిరెడ్డి ముఖ్యుడు. గుంటూరు మండలమందలి తాడేపల్లిలో 1939లో పసుపు పండించు రైతుకుటుంబమున జన్మించి, గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదివి, బొంబాయిలో ఔషధరసాయనము నేర్చి, పూనాలోని జాతీయ రసాయనశాలలో పరిశోధనచేసి డాక్టరు పట్టము పొందెను. ఐ.డి.పి.ఎల్.లో పనిచేసి, 1984లో డాక్టర్ రెడ్డీస్ లేబరేటరీస్ అను సంస్థను స్థాపించెను. ఆ సంస్థవారు ఓమెప్రజోలునకు బెట్టిన ఓమెజ్ అను పేరు మనదేశమున ఇంటింటి మాటయైనది. రష్యా దేశమునకును అది ఎగుమతియైనది. అంజిరెడ్డిగారు 2013 మార్చి నెలలో పరమపదించిరి.

ఇట్లు పెరిగిన పరిశ్రమవలన నేడు జీడిమెట్ల, బొల్లారము, పటాన్‌చెరువు మొదలుకొని శంషాబాదునకు దక్షిణమందున్న కొత్తూరువఱకు ఔషధకర్మాగారములు వెలసియున్నవి. వేడికి చెడిపోవు మందులను చల్లగా నుంచి పంపుటకు శంషాబాదు విమానాశ్రయమున సరకుల శాలలో ప్రత్యేకమైన ఏర్పాట్లు గలవు. వ్యాధిని పరీక్షించుటలోను ఈ నగరము వెనుకబడలేదు. డాక్టరు డి. నాగేశ్వరరెడ్డిగారు స్థాపించిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ యందు సన్నని గొట్టపు దర్శినిని నోటిగుండ పంపి పుండును కన్నులతో జూచుటయేగాక, కారుచున్న రక్తమును కోతలేకుండ ఆపుటయు జరుగుచున్నది. ఆయనకు 2025లో పద్మవిభూషణ పురస్కారము లభించినది.

మాత్ర పనిచేయు విధము

ఈ మందును పుచ్చుకొనుటలో మనవారు సాధారణముగ రెండు పొరపాట్లు చేయుదురు. మొదటిది వేళ. మంట పుట్టినపుడు, భోజనమైనపిదప మ్రింగుదురు. కాని ఓమెప్రజోల్ జాతి మందులు భోజనమునకు అరగంట మొదలు గంట ముందుగ, సామాన్యముగ ఉదయపు టిఫినుకు పూర్వము, పుచ్చుకొనవలెను. దీనికి కారణము వినుడు. ఈ మందు పనిచేయుచున్న యంత్రమునకే తాళము వేయగలదు. ఊరకున్న యంత్రమునకు వేయజాలదు. ఆహారము లోనికి బోవునపుడే యంత్రములు ఎక్కువసంఖ్యలో పని మొదలుపెట్టును. మందేమో రక్తములో ఒకటి రెండు గంటలకంటె హెచ్చుకాలము నిలువదు. కనుక యంత్రములు మేల్కొనువేళకు మందు అచట సిద్ధముగ నుండవలెను. ఒకసారి తాళము పడినచో ఆ యంత్రము మరల పనిచేయదు. క్రొత్త యంత్రములు పుట్టువఱకు ఆమ్లము తగ్గియుండును. అందుచేతనే మందు రక్తమునుండి పోయినను ఫలము దినమంతయు నిలుచును. మొదటి మాత్రతోనే అన్నిటికిని తాళము పడదు గావున పూర్తిగుణము కనబడుటకు మూడునాలుగు దినములు పట్టును.

రెండవ పొరపాటు మాత్రను నమలుట, పొడిచేయుట. విచిత్రమేమనగా, ఆమ్లమును తగ్గించు ఈ మందు ఆమ్లము తగిలినచో తానే చెడిపోవును. అందుచే దానిని చిన్నచిన్న గోళికలుగ జేసి, ఆమ్లమునకు కరగని పూత పూసి, క్యాప్సూలులో నింపుదురు. ఆ పూత అన్నకోశమును దాటి చిన్నప్రేగు చేరినపిదపనే కరగును. అచటనుండి మందు రక్తములో గలిసి, రక్తముగుండ మరల అన్నకోశపు కణములను చేరును. పూతను నమలి పగులగొట్టినచో మందు గమ్యము చేరకముందే నశించును. మాత్రను నీటితో యథాతథముగ మ్రింగవలెను. మ్రింగలేనివారు వైద్యునితో ఆ సంగతి చెప్పవలెను.

వైద్యుని చీటి యేల?

మనదేశపు చట్టమున ఈ మందులు వైద్యుని చీటి లేక అమ్మరాని పట్టికలో జేరినవి. పట్టీమీది ఎఱ్ఱని గీత దానికి గుర్తు. అయినను చీటి లేకయే అమ్ముటయు కొనుటయు మన వీథులలో సామాన్యమైనది. చీటి యొక వట్టి లాంఛనమని తలపరాదు. దానికి బలమైన కారణములున్నవి.

మొదటిది, మంట తగ్గుట వ్యాధి తగ్గుట కాదు. క్రిమివలన పుండు పడినవానికి ఈ మాత్ర నొప్పిని అణచును గాని క్రిమిని చంపదు. మాత్ర ఆపినపిదప పుండు మరల పడును. అన్నకోశపు క్యాన్సరులో సైతము ఈ మాత్రతో కొంతకాలము బాధ తగ్గవచ్చును. ఆలోగా విలువైన దినములు గడచిపోవును. క్రిమికొఱకై చేయు శ్వాసపరీక్షకు ముందు రెండువారములు ఈ మందును ఆపవలెను. ఆపనిచో ఉన్న క్రిమియు లేనట్లు కనబడును. రోగి తాను మాత్రలు మ్రింగుచున్న సంగతిని దాచినచో పరీక్ష తప్పుత్రోవ పట్టును.

రెండవది, రొమ్ములో మంటయని యనుకొన్నది గుండెపోటు కావచ్చును. రొమ్ముపై బరువు, ఎడమచేతికిగాని దవడకుగాని ప్రాకు నొప్పి, చల్లని చెమట, ఊపిరాడకపోవుట ఉన్నచో గ్యాసు మాత్రకై పోవక తక్షణమే ఆసుపత్రికి బోవలెను. నలుబది యేండ్లు దాటినవారును, మధుమేహము గలవారును ఈ మాటను మఱింత జ్ఞాపకముంచుకొనవలెను.

మూడవది, ఏండ్లతరబడి పుచ్చుకొన్నచో ఈ మందునకును కొన్ని దోషములున్నవి. బీ12 విటమినును, మెగ్నీషియమును తగ్గవచ్చును. ప్రేగులలో కొన్ని అంటువ్యాధులు సోకు అవకాశము పెరుగును. ఎముకలు విఱుగుటతో దీనికి సంబంధముండవచ్చునని కొన్ని పరిశోధనలు సూచించుచున్నవి. అరుదుగ మూత్రపిండములకు వాపు కలుగును. గుండెజబ్బుకు వాడు క్లోపిడోగ్రెల్ అను మందు గుణమును ఓమెప్రజోల్ తగ్గింపవచ్చును. ఇట్టి ఫలములు అందఱికిని కలుగునవి కావు. కాని అవసరము లేనివానికి అవి అల్పముగ నున్నను నష్టమే గదా!

నాల్గవది మిక్కిలి వింతయైనది. 2009లో ప్రకటింపబడిన డెన్మార్కు దేశపు పరిశోధనలో, కడుపుమంట ఎఱుగని ఆరోగ్యవంతులు 120 మంది పాల్గొనిరి. సగముమందికి ఎనిమిది వారములు ఈ జాతిమందును, తక్కినవారికి మందులేని ఉత్తుత్తి మాత్రలను ఇచ్చిరి. మందు ఆపినపిదప, మందు వాడినవారిలో నూటికి 44 మందికి మంట, పులిత్రేనుపులు మున్నగు బాధలు కలిగెను. ఉత్తుత్తి మాత్రల వారిలో నూటికి 15 మందికి మాత్రమే కలిగెను. అనగా అణచిపెట్టిన ఆమ్లము, మందు ఆపగనే కొంతకాలము మునుపటికంటె హెచ్చుగ ఊరును. ఇది తెలియనివాడు "చూచితివా, మాత్ర లేనిదే నాకు గడవదు" అని మరల మొదలుపెట్టును. ఇట్లు ఒక వారమునకై వచ్చిన మందు జీవితాంతపు చుట్టమగును. అందుచే చాలకాలము వాడినవారు వైద్యుని సలహాతో మోతాదును క్రమముగ తగ్గించుకొనవలెను.

ఇందు మఱియొక ప్రక్కయు గలదు. పుండునుండి రక్తము పోయినవారు, గుండెకై ఆస్పిరిన్ తప్పక వాడవలసిన వృద్ధులు, అన్నవాహిక లోపలిపొర చెడినవారు ఈ మందును దీర్ఘకాలము వాడవలసియుండును. అట్టివారు పైమాటలు చదివి భయపడి తమంతట తాము మానరాదు. మానినచో ప్రాణమునకే ముప్పు రావచ్చును. కొనసాగించుట, మానుట రెండును వైద్యునితో ఆలోచించి చేయవలసినవే.

వెంటనే వైద్యుని జూడవలసిన గుర్తులివి: నల్లని తారువంటి మలము, రక్తముగాని, కాఫీపొడివంటి పదార్థముగాని వాంతియగుట, మ్రింగునపుడు అన్నము అడ్డుపడుట, కారణములేక బరువు తగ్గుట, మాటిమాటికి వాంతులగుట, రక్తహీనత. వీనిలో ఏ యొక్కటి యున్నను మాత్రతో కాలము గడుపరాదు.

ఇంట చేయదగిన పనులు

పులిత్రేనుపుల బాధ కొద్దిగ నున్నవారికి మాత్రకంటె ముందు చేయదగిన పనులు కొన్ని గలవు. రాత్రిభోజనమునకును పరుండుటకును నడుమ మూడుగంటల వ్యవధి యుంచవలెను. రాత్రిపని చేయువారు పని ముగించి పరుండుటకు ముందు కడుపునిండ తినక, పని నడుమ విరామమున పెద్దభోజనమును, చివర తేలికపాటి యాహారమును దీసికొనుట మేలు. మంచపు తలవైపు కోళ్లక్రింద ఇటుకలు పెట్టి జానెడుకు కొంచెము తక్కువగ ఎత్తుచేసినచో ఆమ్లము పైకెగయదు. తలగడలు మాత్రము పేర్చిన నడుము వంగి కడుపు నొక్కబడును గాని ప్రయోజనము తక్కువ. ఎడమప్రక్కకు దిరిగి పరుండుట మంచిది. స్థూలకాయులు బరువు తగ్గించుకొనవలెను. పొగాకు, మద్యము మానవలెను. ఎవరికి ఏ పదార్థము పడదో వారే గమనించి దానిని తగ్గించుకొనవలెను. అందఱును చాయ, కారము, పులుపు మానవలెనను నియమము లేదు. ఖాళీకడుపున నొప్పి మాత్రలు మ్రింగుట, వైద్యుడు చెప్పనిదే వానిని దినదినము వాడుట మానుకొనవలెను.

విద్యార్థులారా! ఈ పత్రికను మీరు ఇంటికి గొనిపోయినపుడు ఒక చిన్నపని చేయుడు. మీ ఇంటి మందులపెట్టెను పెద్దల యనుమతితో తెఱచి, పేరు చివర "ప్రజోల్" అను అక్షరములున్న మాత్ర యేదైన గలదేమో చూడుడు. ఉన్నచో దానిని వాడువారిని మూడు ప్రశ్నలు వినయముగ నడుగుడు. దీనిని ఏ వైద్యుడు, ఏ వ్యాధికై వ్రాసెను? ఎన్నిదినములు వాడుమనెను? భోజనమునకు ముందు పుచ్చుకొనుచున్నారా, తరువాతనా? మూడింటికిని సరియైన జవాబు వచ్చినచో సంతోషింపుడు. రానిచో ఈసారి వైద్యునియొద్దకు బోవునపుడు ఆ మాత్రల పట్టీనిగూడ వెంట దీసికొనిపొమ్మని మీ తాతగారికో, నాయనమ్మగారికో జ్ఞాపకము చేయుడు. దానిని మాన్పింపవలెనని మాత్రము మీరు పట్టుపట్టరాదు. ఆ నిర్ణయము వైద్యునిది. రాత్రిపనికి బోవు తండ్రిగారి అన్నపుడబ్బాను కొంచెము ముందుగ సిద్ధముచేసి, సకాలమున తినుమని చెప్పి పంపుట మీరే చేయదగిన పని.